తిట్లు మోసిన బండి

మొన్న ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఒక ఆడమనిషి కండక్టరును తిట్టడం మొదలుపెట్టింది. వంకాయల గంపను బస్సు మీదికి ఎక్కించనన్నాడట.

"నీ బస్సు చక్రం ఊడి నీ కళ్ళ ముందరే దొర్ల! ఎగువెక్కేటప్పుడు నీ ఇంజనుకు ఎక్కిళ్ళు పట్ట! ఈల ఊదబోతే నీ నోట్లో గాలి నిలిచిపోను!"

జనం నవ్వారు. కండక్టరు మొహం తిప్పుకున్నాడు. నేను మాత్రం చేతిలో సంచి కింద పెట్టి, ఆమె ఆఖరి తిట్టు దాకా బుద్ధిగా నిలబడి విన్నాను. ఒకరు తిడుతున్నప్పుడు కదలకూడదు, అడ్డం రాకూడదు అని నాకు ఒక మనిషి నేర్పింది. బస్సెక్కి కూర్చున్నాక దారి పొడుగునా ఆ మనిషే కళ్ళ ముందు.

ఆమె పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్ళు అప్పుడూ లేరు. ఎదురుగా అందరం "అక్కా" అనేవాళ్ళం. వెనకాల కొందరు "గయ్యాళి" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే, "అవున్రా, నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే లక్ష్మి అంటారు నన్ను. ఏం చేసుకోను ఆ పేరు?" అనేది. మా వైపు చచ్చిపోతున్న పార్టీని ఆమె బతికించింది. పార్టీ పేరు కూడా రాయను. రాస్తే చదివేవాళ్ళు పార్టీని చూస్తారు, ఆమెను చూడరు. నాకు అక్షరాలు నలభై దాటినాక వచ్చాయి. మాటను అటు తిప్పి ఇటు తిప్పి రాయడం చేతకాదు. చూసింది చూసినట్టు చెప్తాను.

మనిషి పొడుగు. నలుపు. ఆమె నడిస్తే పక్కన మగవాళ్ళు పరుగెత్తాలి. ఎక్కడికి పోయినా నేల మీదే కూర్చునేది. కూర్చోగానే గుప్పెడు మన్ను తీసుకుని వేళ్ళ సందుల్లోంచి మెల్లగా జారవిడిచేది. ఎదుటివాడు చెప్పడం అయిందాకా ఆ మన్ను జారుతూనే ఉండేది. అయిపోతే మళ్ళీ గుప్పెడు. ఇక మాట్లాడబోతోందనడానికి మాకు ఒకటే గుర్తు. చెయ్యి చీరకు తుడుచుకునేది.

ఆమె మొగుడు ఒట్టి సాధువు. మెట్టచేలో సజ్జ పైరు, పొయ్యి మీద సంకటి, రెండూ ఆయనే చూసుకునేవాడు. ఆమె సభకు వస్తే నీళ్ళ ముంత పట్టుకుని వెనకాల వచ్చేవాడు. ఒకసారి నేను నోరు జారి, "బావా, ఇంట్లో ఈమెతో ఎట్టా వేగతా ఉండావు?" అన్నాను. ఆయన నవ్వి, "ఇంట్లో మాట్లాడదు రా అబ్బయ్యా. అరుపులన్నీ మీకే దాచిపెట్టుకుంటాది," అన్నాడు.

మొదటి పెద్ద ఎన్నికలకు ముందు వింజమూరులో మా సభ జరిగింది. ఆమెను నేను అక్కడే మొదటిసారి చూశాను. మా కార్యదర్శి ప్లీడరు దగ్గర గుమాస్తా చేసిన మనిషి. ఏవో దేశాల పేర్లు చెబుతూ, అక్కడ జనం ఎట్లా లేచారో, రాజులు ఎట్లా పడ్డారో వివరిస్తున్నాడు. ఆడవాళ్ళలోంచి ఆమె లేచింది.

"అయ్యా, ఆ దేశాల సంగతి ఆ దేశాలోళ్ళు చూసుకుంటారు. సర్కారుకు కట్టాల్సిన లెవీ గింజలు కొలవనీకి ఆఫీసర్లు వచ్చి మా గాదెల్లో చేతులు పెడతా ఉంటే, మీరంతా యాడికి పోయినారు? ఒక్కడన్నా మా వాకిట్లో నిలబడినాడా? మీ జెండా కర్రలకు చెద పట్ట!" అని, వంగి గుప్పెడు దుమ్ము తీసుకుని వేదిక మీదికి విసిరింది. దుమ్మెత్తి పోయడమంటే మాటవరసకు అనే మాట అనుకునేవాణ్ణి. నిజంగానే పోసింది. మా కార్యదర్శి కళ్ళు నులుముకుంటూ కూర్చున్నాడు. నలుగురు కలిసి ఆమెను బయటికి పంపారు.

ఎన్నికలయ్యాయి. అప్పట్లో ఓటు చీటీ మీద ముద్ర వేయడం లేదు. నిలబడ్డ ఒక్కొక్కరికి ఒక్కొక్క పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. ఎవరు కావాలో వాళ్ళ పెట్టెలో చీటీ వేసి రావాలి. మా పెట్టె బోర్లిస్తే చప్పుడు కూడా కాలేదని, అక్కడ మా తరఫున కూర్చున్నవాడు వచ్చి చెప్పి ఏడ్చాడు.

తరువాత ఆత్మకూరు ఆఫీసులో చేరాం. ఆఫీసంటే శనక్కాయల మండీ మీద ఒక గది. కార్యదర్శి తనకు ఒంట్లో బాగాలేదన్నాడు. ఆ పని ఎవరు తీసుకుంటారంటే ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అప్పుడెవరో మూల నుంచి, "వింజమూర్లో మన మీద దుమ్ము పోసిందే, ఆమెకిచ్చేయండ్రా! ఇంక మన పార్టీకి మిగిలింది తిట్లు తినేదేగా!" అన్నాడు. గదంతా నవ్వు. ఆ నవ్వులోనే చేతులు లేచాయి. నాదీ లేచింది. బండి ఉన్నది నాకే కాబట్టి కబురు చెప్పి రమ్మని నన్నే పంపారు, తమాషాకు.

పోయేటప్పటికి ఆమె చేలో కలుపు తీస్తోంది. విషయం చెప్పాను. గట్టు మీద కూర్చుని గుప్పెడు మన్ను తీసుకుంది. అదంతా జారిపోయాక చెయ్యి తుడుచుకుంది.

"నిజంగానేనా?"

తమాషా అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "నిజమే అక్కా."

"అట్టయితే బండి తిప్పు."

అంతే. ఇంటికి పోయి చీర కూడా మార్చుకోలేదు. బండి ఆఫీసు ముందు ఆగేసరికి మేడ మీద నవ్వులన్నీ ఆగిపోయాయి. ఆమె పైకి వచ్చి నేల మీద కూర్చుని, "ఓట్లెందుకు పడలేదు?" అని అడిగింది. ఒకడు డబ్బు లేదన్నాడు. ఇంకొకడు మనకు పెద్ద కుటుంబాల అండ లేదన్నాడు. మరొకడు మైకు సరిగా పలకలేదన్నాడు.

"ఇది మీరు చెప్పేది. ఓటెయ్యనోళ్ళు ఏం చెప్తారో ఎవరన్నా పోయి అడిగినారా?"

"ఓడిపోయినోళ్ళం అక్కా, ఏ మొహం పెట్టుకుని పోతాం?"

"ఈ మొహమే. ఇంకోటి ఉండాదా నీకు?"

మొదట మా ఊరికే పోయాం, ఉదయగిరి కొండ కింద. ఆమె ముందే దండోరా వేయించింది. "ఓడిపోయిన పార్టీ వస్తా ఉండాది! తిట్టదలుచుకున్నోళ్ళు రావచ్చునహో!" అని. మా ఉపన్యాసాలకు ఎన్నడూ రానంత జనం వచ్చారు. నా బండికి ఎద్దులు విప్పి, నొగల కింద ఊతకర్ర పెట్టాం. మా పెద్దలు అలవాటుకొద్దీ బండి ఎక్కబోయారు.

"దిగండి," అంది. "బండి ఊరిది. మనకు నేల."

మేమంతా మట్టిలో కూర్చున్నాం. చాలాసేపు ఎవరూ ఎక్కలేదు. చివరికి చెక్క గరిటెలు చేసే ముసలాయన ఎక్కాడు. "నా గరిటె కుండలో అడుక్కంటా దిగుతాది. మీరు మా ఊరికి ఎన్ని మాట్లొచ్చినా అంచు మీద తిరిగి పోయినోళ్ళే," అని దిగిపోయాడు. ఆ తరువాత ఒకరి వెనుక ఒకరు. మా పిన్నమ్మ కూడా ఎక్కింది. వేలు నా మీద పెట్టి, "వీడు మీకందరికీ రాజ్యం తెచ్చి పెడతాడంట! వీడి దొడ్లో పేడ ఎవరు ఎత్తతా ఉండారో అడగండి!" అంది. ఊరంతా పగలబడి నవ్వింది. నా తల మోకాళ్ళలోకి పోయింది. తరువాత ఆ పేడ నేనే ఎత్తాను. పిన్నమ్మ బతికున్నన్నాళ్ళూ ఎత్తాను.

అక్క పెట్టిన కట్టడి ఒకటే. ఆ రోజుకు ఎవరూ జవాబు చెప్పకూడదు. "అదట్టా కాదు" అనే మాట నోటి వెంట వచ్చిందా, వాడు ఆ ఊరి నుంచి ఇంటికి నడిచిపోవాలి, బండెక్కడానికి వీల్లేదు. పాత కార్యదర్శి కలువాయి నుంచి నడిచాడు. నడిచి వచ్చాక మాత్రం మంచి మనిషి అయ్యాడు. జవాబు చెప్పాలంటే చేత్తో చెప్పాలి. దేనికి తిట్టారో ఆ పని చేసి, వచ్చే సంతకు ఆ ఊరికే మళ్ళీ పోయి చూపించాలి. చేయలేకపోతే అది కూడా పోయి చెప్పాలి, మళ్ళీ తిట్లు తినాలి.

ఒకనాడు తిరుగు దారిలో నాకు ఉక్రోషం ఆగలేదు. "అక్కా, మనం ఎవరి సొమ్ము దోచినామని ఇన్ని తిట్లు?"

ఆమె బండి అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది. "పిచ్చోడా, మన బిడ్డను మనం తిడతాం. పొరుగింటి బిడ్డను తిడతామా? తిడతా ఉండారంటే ఇంకా మనల్ని వాళ్ళ లెక్కలోనే పెట్టుకుని ఉండారు. వాళ్ళు దండం పెట్టి, చల్లగుండు సామీ అని పంపించేసిన పొద్దు చూసుకో. ఆ పొద్దుకు మనం లేనట్టే."

నేను చాలామంది నాయకుల్ని చూశాను. బండి మీద నిలబడి కొండలు కదిలేట్టు మాట్లాడేవాళ్ళను చూశాను. జైళ్ళకు పోయి వచ్చినవాళ్ళను చూశాను. తన పార్టీని తీసుకుపోయి జనం కాళ్ళ ముందు కూర్చోబెట్టిన నాయకురాలిని ఈమెనొక్కదాన్నే చూశాను. బలంగా ఉన్న పార్టీ ఈ పని చేయదు, దానికి అవసరం కనిపించదు. ఓడినవాళ్ళు చేయరు, సిగ్గు. అందుకే ఆ పని చేయడానికి దుమ్ము పోసిన మనిషే కావలసి వచ్చింది.

ఈ సంగతి నెల్లూరుకు పోయింది. అక్కడ మా జిల్లా పెద్ద ఉండేవాడు. ఆస్తి వదులుకుని పార్టీలోకి వచ్చిన మనిషి, చదువుకున్నవాడు, మాట తప్పనివాడు. ఆయనంటే మాకు దేవుడంత భయం. ఆయన కబురంపాడు. పార్టీ పరువు బజారున పడుతోంది, నేనే వస్తున్నాను, సభలో మాట్లాడి ఆ పైన మీ కమిటీని రద్దు చేసి కావలి టౌను కమిటీ కింద కలిపేస్తాను అని. సభ ఏ ఊళ్ళో పెట్టాలో మమ్మల్నే చూడమన్నాడు.

అక్క వింజమూరుకు ఎగువన, కొండ వార ఊరిని చెప్పింది. మేము గొల్లుమన్నాం. ఎన్నికలకు ముందు మా సభల్లోకెల్లా పెద్ద సభ అక్కడే జరిగింది. బండ్ల మీద బండ్లు వచ్చాయి. అయినా ఆ ఊరి నుంచి మా పెట్టెలో ఒక్క చీటీ పడలేదు. ఎందుకో మాకెవరికీ తెలియదు.

"అందుకే ఆ ఊరు," అంది ఆమె. "మనల్ని తీసేస్తే తీసేయనీ. ఎందుకు పడలేదో తెలుసుకోనన్నా పోదాం."

పొద్దు వాలుతుండగా జిల్లా పెద్ద కారు దిగాడు. తెల్లటి బట్టలు. మెళ్ళో చామంతి దండ వేశాం. నేరుగా బండి దగ్గరకు పోయి కాలు ఎత్తాడు.

"ఈ పొద్దు బండి మనది కాదు సామీ," అంది అక్క, అప్పటికే నేల మీద కూర్చుని. "రాండి, ఇట్టా నా పక్కన కూర్చోండి."

ఆయన చుట్టూ చూశాడు. ఊరంతా చూస్తోంది. దండ తీసి బండి మీద పెట్టి, పైపంచ కూడా పరుచుకోకుండా మట్టిలో కూర్చున్నాడు.

ఒక ముసలామెను ఇద్దరు పట్టి బండి ఎక్కించారు. ఆమె అరవలేదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఆ తెల్లగుడ్డల సామిని నేనెరుగుదును. అప్పుడు వానల్లేని ఏడు. మా ఊరికంతా తాగేదానికి ఒకటే బావి. మీరు తిరునాళ్ళకు వచ్చినట్టొచ్చినారు. అందరికీ దప్పిక. ఇంటికొచ్చినోళ్ళకు నీళ్ళు లేదంటామా? మేమే తోడి పోసినాం. పొద్దుగూకేతలికి బావిలో బురద తేలింది. ఆ అడుగు నీళ్ళు కూడా తేర్చి, ఈ సామికి దుమ్ము పట్టిందని స్నానానికి పోయించినారు మీ వాళ్ళు. జై జై అనుకుంటా పోయినారు. మళ్ళా ఊట ఊరిందాకా మేము వాగు ఇసకలో చెలమలు తవ్వుకోని బతికినాం. నా కాడెద్దు మోర సాచి సాచి పడిపోయింది. మళ్ళీ లేవలా. మీలో ఒకడన్నా తిరిగొచ్చి, మీ బావిలో నీళ్ళుండాయా మేయ్ అని అడిగినాడా?" అప్పుడు ఆమె గొంతు లేచింది. "మీరు పొయ్యే దారిలో చెలమలు కూడా ఎండ! ఆ సబ్బు నురగ మీ కళ్ళల్లోనే ఉండిపోను!"

ఆ సభ గురించి మేము నెల్లూరు దాకా గొప్పలు చెప్పుకున్నాం. జనం విరగబడ్డారని చెప్పుకున్నాం. ఆ జనం ఏం తాగారో మాకు తట్టలేదు.

జిల్లా పెద్ద మొహం ఎర్రబడింది. ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "అది కాదమ్మా, ఆ రోజు అసలు..."

అక్క ఆయన వైపు చూడలేదు. ఆమె చేతిలో మన్ను జారుతోంది. "సామీ, ఆ మాటంటే నడిచిపోవాల."

"ఎక్కడికి?"

"ఎవురింటికి వాళ్ళు. మీరు నెల్లూరికి."

ఒకడు కిసుక్కుమన్నాడు, వెంటనే నోరు మూసుకున్నాడు. ఆయన నిలబడే ఉన్నాడు. ఆయన ఒక్క మాటంటే మా కమిటీ పోతుంది, ఆమె పోతుంది, అన్ని ఊళ్ళలో మేము తిన్న తిట్లు వృథా. నేను ఆయన కాళ్ళ వైపే చూస్తున్నాను. ఆ కాళ్ళు కాసేపు అటూ ఇటూ అయ్యాయి. తరువాత మడతపడ్డాయి. ఆయన కూర్చున్నాడు.

ఇంకా కొందరు ఎక్కారు, తిట్టారు, దిగారు. అందరిదీ అయ్యాక ఆయన ఉపన్యాసం చెప్పలేదు. "బావి ఎక్కడుంది?" అని అడిగాడు. తీసుకుపోయారు. బావి ఒర మీద చెయ్యి పెట్టి చాలాసేపు లోపలికి చూశాడు. కారెక్కి వెళ్ళిపోయాడు. కమిటీ ఉన్నట్టో లేనట్టో ఒక్క మాట అనలేదు. బండి మీద మరిచిపోయిన చామంతి దండను నా ఎద్దులు తిన్నాయి.

"అక్కా, మనల్ని తీసేసినట్టా, ఉంచినట్టా?"

"నాకేం తెలుసు? రేప్పొద్దున పారలు తెండి."

ఆ బావిలోకి దిగి పూడిక తీయడం మొదలుపెట్టాం. ఊరివాళ్ళు మొదట ఒడ్డున నిలబడి వేడుక చూశారు. తరువాత ఆ ముసలామె అంబలి తెచ్చి పెట్టింది. ఆ తరువాత మగవాళ్ళు దిగారు. అడుగున రాయి తగిలింది. మా పారలు దానికి ఏం చాలతాయి? రద్దు చేసిన కబురు వస్తుందని రోజూ ఎదురుచూశాం. ఆ కబురు రాలేదు. నెల్లూరు నుంచి గడ్డపారలు వచ్చాయి.

ఆ తరువాత పంచాయతీ ఎన్నికల్లో మా వాళ్ళు చాలాచోట్ల గెలిచారు. ఆ కొండ వార ఊళ్ళో మాకు పోటీగా నిలబడేవాడే లేకపోయాడు. గెలిచాక ఏం జరుగుతుందో అదే జరిగింది. ఆఫీసుకు కుర్చీలు వచ్చాయి. మంచి మైకు వచ్చింది. తిట్ల సభ పెడదామంటే, కోతల కాలమని ఒకడు, కోర్టు పని ఉందని ఒకడు. నా బండి కూడా ఎరువు తోలుకోవడానికే పనికొచ్చింది. అక్కకు ఆయాసం పట్టుకుంది. ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టుకున్నాం.

ఆత్మకూరులో పెద్ద సభ చేశాం. పీపాల మీద పలకలు పరిచి వేదిక కట్టారు. వేదిక మీద కుర్చీల వరస. నడి కుర్చీలో జిల్లా పెద్ద, తల నెరిసిపోయింది. చివరి కుర్చీలో నేను, కొత్త కండువాతో. అక్క మొగుడి చెయ్యి పట్టుకుని వచ్చి, కింద ఆడవాళ్ళలో కూర్చుంది. మైకులో పిలిచారు, అక్కను రెండు మాటలు చెప్పమని.

ఆగి ఆగి మెట్లెక్కింది. మాట్లాడడానికి ఎన్నడూ బండి ఎక్కని మనిషి అంత ఎత్తు ఎక్కడం చూసి జనం కదిలారు. అందరికీ తెలుసు ఆమె నోరు. మేము కూడా తలలు వంచుకుని సిద్ధపడ్డాం. నాకైతే లోపల సంతోషంగానే ఉంది.

ఆమె చెయ్యి చీరకు తుడుచుకుంది. మమ్మల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. రెండు చేతులూ జోడించింది.

"అయ్యలారా, పెద్దమనుషులారా. మీరు చల్లగా ఉండాలి. నమస్కారం."

జనం చప్పట్లు కొట్టారు. మైకు దగ్గరివాడు కూడా కొట్టాడు. నేను కొట్టలేదు. ఆమె బండి అంచున కాళ్ళు వేలాడేసుకుని చెప్పిన మాట నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగింది, దిగిపోవడానికి.

నడి కుర్చీ కిర్రుమంది. జిల్లా పెద్ద లేచాడు. మెళ్ళో దండ తీసి కుర్చీలో పెట్టాడు. ఆమె కంటే ముందు మెట్లు దిగిపోయి, వేదిక ముందు మట్టిలో కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు.

"దండం పెట్టి పోవద్దు తల్లీ," అన్నాడు. "తిట్టు."

మైకుకు ఆ మాట అందలేదు. ముందు వరసలకు అందింది. చప్పట్లు ఆగిపోయాయి. నేను లేచాను. ఇంకొకడు లేచాడు. ఒకరొకరుగా దిగి ఆయన వెనుక కూర్చున్నాం. పైన వట్టి కుర్చీలు, ఆమె.

ఆమె వంగి చెయ్యి కిందికి చాచింది. పలకల మీద మన్ను ఎక్కడుంటుంది? కింద నీళ్ళ ముంతతో నిలబడి ఉన్న మొగుడి వైపు చూసింది. ఆ సాధువుకు అర్థమైంది. ముంత దింపి, వంగి, గుప్పెడు దుమ్ము తీసి పైకి అందించాడు.

"మీ కుర్చీలకు నల్లులు పట్ట!" అంది అక్క. చెయ్యి విసిరింది.

ఆ దుమ్ము నా కొత్త కండువా మీద పడింది. దులుపుకోలేదు.